ఇంటిల్లిపాదికి క్యాంపర్ బండి: ముందు ధర్మకాంట, తర్వాతే మంచం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో బండి మీద కాపురం కొత్త సంగతేమీ కాదు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గరపడిందంటే మేడారం తొవ్వ పట్టే డీసీఎంలను చూడండి. అడుగున గడ్డి, దాని మీద బొంతలు, ఓ మూలన బియ్యం మూట, గ్యాస్ స్టవ్, కోళ్ల గంప, అమ్మవార్లకు మొక్కిన బెల్లం. గంటల తరబడి ప్రయాణం. చేరాక చెట్ల కిందే వంట, బండి కిందే నిద్ర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరకూ ఈ వైపు కుటుంబాలు ఎన్నో ఇలాగే వెళ్లొచ్చాయి.

దీనికి గల్ఫ్ అనుభవం తోడైంది. దుబాయి, సౌదీ, కువైట్‌లలో డ్రైవర్లుగా, వెల్డర్లుగా, ఫిట్టర్లుగా పనిచేసి వచ్చినవాళ్లు ఈ మూడు ఊళ్లలో ప్రతి వాడకూ ఉంటారు. చలికాలం వస్తే కువైట్ ఎడారిలో అక్కడి కుటుంబాలు గుడారాలు, కారవాన్లు వేసుకుని వారాల తరబడి మకాం పెట్టడం వాళ్లు కళ్లారా చూశారు. వెల్డింగ్ చేతిలో ఉంది, నాలుగు డబ్బులు వెనకేసుకున్నారు, పిల్లలకు దసరా సెలవులు ఉన్నాయి. ఓ పికప్ కొని వెనక చిన్న గది కట్టించుకుంటే కుంటాల జలపాతానికో, నాగోబా జాతరకో లాడ్జి వెతుక్కోకుండా పోయిరావచ్చు కదా అన్న ఆలోచన అలా పుడుతుంది. మంచి ఆలోచనే. ఈ ప్రాంతంలో పని తెలిసిన చేతులకు కొదవ లేదు కాబట్టి అయ్యే పని కూడా.

అయితే ఈ పని తలపెట్టేవాళ్లు సాధారణంగా మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ, టీవీ పెట్టాలా వద్దా అన్న దగ్గర మొదలుపెడతారు. నా అభిప్రాయంలో అవి చివర చూసుకోవాల్సినవి. మొదట తేల్చుకోవాల్సినవి రెండే. బండి కదులుతున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? బండి మొత్తం ఎంత బరువు తూగుతుంది? ఈ రెండూ కాగితం మీద తేలకుండా షెడ్డుకు ఒక్క స్క్వేర్ పైపు కూడా తేవద్దు.

కూర్చునే సంగతి ముందు చూద్దాం. సరుకుల బండి వెనక మనుషులు ఎక్కడం మన దగ్గర పెళ్లిళ్లకు, జాతరలకు అలవాటైపోయింది. కానీ 2002లో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చి చెప్పింది: సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి ప్రమాదం జరిగితే పరిహారం కట్టే బాధ్యత బీమా కంపెనీకి లేదు. అంటే పికప్ వెనక గది కట్టి, అందులో మంచం మీద అమ్మమ్మను, పిల్లలను పడుకోబెట్టి హైవే ఎక్కితే వాళ్లెవరికీ బీమా రక్షణ లేనట్టే. డబ్బు మాట అటుంచినా, గట్టిగా బ్రేకు వేస్తే మంచం మీది పిల్ల ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. అందుకే వెనక గది రాత్రి బండి ఆగాక పడుకోవడానికే ఉండాలి. కదిలే బండిలో ప్రతి ఒక్కరికీ కంపెనీ బిగించిన సీటు, సీటుబెల్టు ఉండాలి.

ఈ ఒక్క షరతుతో బండి ఎంపిక సగం తేలిపోతుంది. ఇద్దరు కూర్చునే మామూలు పికప్ కుటుంబానికి పనికిరాదు. రెండు వరసల సీట్లుండే డబుల్ క్యాబ్ కావాలి. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ ఇలాంటిదే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటుంది, ఐదుగురు కూర్చోవచ్చు, వ్యక్తిగత వాహనంగా రిజిస్టర్ అవుతుంది. 2016 నుంచి మన శ్రీసిటీ ఫ్యాక్టరీలోనే తయారవుతోంది. మహీంద్రా బొలెరో క్యాంపర్‌లోనూ ఐదుగురు పడతారు. పేరులో క్యాంపర్ ఉన్నా అది రెండు వరసల సీట్లున్న సరుకుల బండే. దాని ఫిట్‌నెస్, పన్ను లెక్కలు వేరుగా ఉంటాయి. లైసెన్సు విషయంలో మాత్రం చిక్కు తొలగింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కారు లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది.

ఇక మార్పుల చట్టం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారుచేసినప్పటి వివరాలకు, ఆర్సీలో రాసినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్ అనే తరగతి మన దేశంలో లేకపోలేదు. 2004లో కేంద్రం ప్రకటించిన వాహనాల జాబితాలో అది రవాణాయేతర వాహనాల కింద ఉంది. మోటారు కారవాన్ ఎలా కట్టాలో చెప్పే ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థల ఆమోదం పొందిన తయారీదారు కట్టిన కారవాన్ ఆ పేరుతోనే రిజిస్టర్ అవుతుంది. ఒక్క బండి కోసం ఆ పరీక్షలన్నీ చేయించడం మాత్రం మామూలు కుటుంబం వల్ల కాదు.

అందుకని నేను సూచించే దారి వేరు. బండిని కోయొద్దు, సీట్లు పీకొద్దు, చాసిస్ పొడిగించొద్దు. వెనక తొట్టిలో కూర్చోబెట్టి బిగించుకుని, ఊరు చేరాక నాలుగు జాకీ కాళ్ల మీద దించుకునే గది లాంటి పెట్టె కట్టించండి. పెట్టె దించితే బండి మళ్లీ కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. పెట్టె వెడల్పు బండి వెడల్పును దాటకూడదు, వెనక లైట్లను, నంబర్ ప్లేటును కప్పకూడదు. ఇంతచేసినా కొలతలతో గీసిన బొమ్మ పట్టుకుని జిల్లా రవాణా కార్యాలయంలో ముందే అడగడం, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం మరవొద్దు. పని మొదలుపెట్టాక అడిగితే జవాబు ఏదైనా నష్టమే.

డబుల్ క్యాబ్ వెనక తొట్టి పొడవు ఐదడుగులు మించదు. పెద్ద మనిషి కాళ్లు చాపుకోవాలంటే పెట్టె పైభాగాన్ని ముందు క్యాబిన్ కప్పు మీదికి చాపి, అక్కడ పడక వేయాలి. అందులో ఇద్దరు హాయిగా పడుకుంటారు. పెద్దవాళ్లు పైకెక్కలేరు కాబట్టి వాళ్ల పడక కింద తొట్టిలోనే, తలుపు తెరిచి వెనక పలక మీదికి సాగేలా పెట్టుకోవాలి. మిగిలినవాళ్లకు పక్కన గుడారం. ఐదుగురూ పెట్టెలోనే పడుకోవాలి అంటే ఈ బండి చాలదు. అప్పుడు ఆమోదం ఉన్న కారవానే అద్దెకు తీసుకోవడం నయం.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఆర్సీలో ఖాళీ బండి బరువు, నిండు బండి గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మనకు మిగిలే బరువు వస్తుంది. ఉదాహరణకు అది 1,000 కిలోలు అనుకుందాం. చాలామంది ఆ వెయ్యి కిలోలూ సామానుకే అనుకుంటారు. మనుషులు కూడా అందులోనే. అమ్మ, నాన్న, నానమ్మ, ఇద్దరు పిల్లలు కలిసి 245 కిలోలు అనుకుంటే వంతులో నాలుగో భాగం అప్పుడే అయిపోయింది.

మిగతాది రెండు రకాలుగా వేసి చూద్దాం. మొదటిది మన షెడ్లలో అలవాటుగా కట్టే తీరు. 40 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, 2 మిల్లీమీటర్ల మందం, 40 మీటర్లు వాడితే 95 కిలోలు. గోడలు, కప్పు, అడుగు కలిపి 14 చదరపు మీటర్లకు 1.2 మిల్లీమీటర్ల జీఐ షీట్ వేస్తే 132 కిలోలు. లోపల అల్మారాలకు, మంచానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఐదు షీట్లు, ఒక్కోటి 24 కిలోలు, మొత్తం 120. నీళ్ల ట్యాంకు 150 లీటర్లు, అంటే 150 కిలోలు. ఇంట్లో ఇన్వర్టర్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ 58. ఇంటి గ్యాస్ సిలిండర్ నిండుగా 30. సోలార్ పలక 20, వేడి ఆపే పఫ్ షీట్ 14, చిన్న ఫ్రిజ్ 18, పరుపులు, గిన్నెలు, బియ్యం 80, పనిముట్లు, తాళ్లు, ఇంకో స్టెప్నీ 50, గుడారం 30. మనుషులతో కలిపి 1,042 కిలోలు. ఇంకా చెప్పుల సంచి కూడా ఎక్కించలేదు, బండి అప్పుడే పరిమితి దాటింది.

రెండోది బరువు చూసుకుంటూ కట్టే తీరు. పైపు 25 మిల్లీమీటర్లది చాలు, 58 కిలోలు. జీఐ బదులు 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం, 57 కిలోలు. ప్లైవుడ్ 6 మిల్లీమీటర్లది మూడు షీట్లు, 36 కిలోలు. నీళ్లు 80 లీటర్లే, దారిలో ఎక్కడైనా నింపుకోవచ్చు. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోలు. 5 కిలోల చిన్న సిలిండర్, డబ్బాతో కలిపి 12. మిగతావన్నీ అవే. మొత్తం 712 కిలోలు. అదే కుటుంబం, అదే సౌకర్యం, 330 కిలోల తేడా. అల్యూమినియానికి, లిథియానికి ఖర్చు ఎక్కువే. డబ్బు ఎక్కడైనా పెట్టాలి అంటే ఇక్కడే పెట్టండి. మంచి తారు రోడ్డు మీద పరిమితి దాకా నింపినా నడుస్తుంది. గుంతల బాటలో కమాన్లు, షాకబ్జార్బర్లు, బేరింగులు తినే దెబ్బ వేరు కాబట్టి మూడు పాళ్లకు మించకుండా, నాలుగో పాలు ఖాళీగా వదలాలి.

బరువు సంగతి జగిత్యాల జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో 100 మందికి పైగా ఎక్కి ఉన్నారు. ఆ రోజు ఎన్నో పల్లెలు ఒకేసారి ఏడ్చాయి. అంత పెద్ద దుర్ఘటనను ఇక్కడ తలవడానికి కారణం ఉంది. దిగుడులో బరువు చేసే పని కంటికి కనపడదు. మూడు టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగిందంటే తొమ్మిది లీటర్ల చన్నీళ్లను మరిగించేంత శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. ఇంజన్ దాన్ని ఆపకపోతే ఆ వేడంతా బ్రేకు డ్రమ్ములు, డిస్కుల మీదే పడుతుంది. అవి కాగితే పెడల్ నొక్కినా పట్టు దొరకదు. బరువు పావు వంతు పెరిగితే వేడీ పావు వంతు పెరుగుతుంది. అందుకే ఘాట్ మొదట్లోనే చిన్న గేరు వేసి, ఇంజన్‌తో బండిని పట్టి దించాలి. బరువు ఎంత ఉందన్నదానితో పాటు ఎంత ఎత్తున ఉందన్నదీ లెక్కే. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, పనిముట్ల పెట్టె వెనక ఇరుసుకు ముందుగా, తొట్టి అడుగున ఉండాలి. పైన పడక, సోలార్ పలక తప్ప బరువైనదేదీ పెట్టకూడదు. స్టెప్నీని కప్పు మీదికి ఎక్కించడం చూడ్డానికి బాగుంటుంది, మలుపులో బండిని వంచేస్తుంది.

మట్టిబాటలో బండికి ఇంకో గుణం ఉంటుంది. చాసిస్ మెలి తిరుగుతుంది. ముందు ఎడమ చక్రం గట్టెక్కి, వెనక కుడి చక్రం గుంతలో దిగినప్పుడు రెండు చాసిస్ పట్టీలు ఒకదానికొకటి వంకరగా కదులుతాయి. అలా కదలడం వల్లనే చక్రాలు నేలను వదలవు. దాని మీద గట్టి పెట్టెను నాలుగు మూలలా బిగించేస్తే చాసిస్ కదలబోతుంది, పెట్టె కదలనివ్వదు. చివరికి పెట్టె మూలల వెల్డింగ్ పగులుతుంది, లేదా బోల్టు రంధ్రం దగ్గర ఇనుము చీరుతుంది. లారీలకు బాడీ కట్టే మేస్త్రీలకు ఇది వేళ్ల మీద తెలుసు. వాళ్లు చాసిస్‌కూ బాడీకీ మధ్య గట్టి కర్రో రబ్బరో వేసి, యూ-బోల్టులతో పట్టించి బిగిస్తారు. "చాసిస్‌కు వెల్డింగ్ ముట్టియ్యొద్దు సార్, వేడికి ఇనుము గుణం మారుతది" అని మేస్త్రి అంటే ఆ మాట వినండి. మన పెట్టెకైతే ముందు రెండు చోట్ల గట్టిగా, వెనక నడిమధ్య ఒకే చోట తిరిగే పిన్ను మీద ఆనించడం ఇంకా మంచిది. మూడు కాళ్ల మీద నిలబడ్డది మెలి పడదు.

ఇది సరిగ్గా కుదిరిందో లేదో షెడ్డులోనే చూసుకోవచ్చు. ముందు ఒక చక్రం కింద, దానికి ఎదురుమూల వెనక చక్రం కింద గట్టి కర్ర మొద్దులు పెట్టి బండిని మెల్లగా వాటి మీదికి ఎక్కించండి. ఇప్పుడు పెట్టె తలుపు తీసి వేయండి. మామూలుగా పడితే సరే. గొళ్లెం పట్టకపోయినా, తలుపు పైమూల చట్రానికి రాసుకున్నా పెట్టె మెలి పడుతున్నట్టు. క్యాబిన్‌కూ పెట్టెకూ మధ్య ఖాళీ ఎంత తగ్గిందో చేయి పెట్టి చూడండి. నాలుగు వేళ్లు దూరకపోతే అడవి బాటలో రెండూ గుద్దుకుంటాయి. కొత్త రంగు వేయకముందే ఈ పరీక్ష చేయాలి. వేశాక ఎవరికీ మళ్లీ విప్పబుద్ధి కాదు.

తిరిగే పిన్ను, దాని బుష్షులు, జాకీ కాళ్లు చేయించుకోవడానికి సిరిసిల్ల మంచి చోటు. మరమగ్గాల విడిభాగాలను కొలతకు తగ్గట్టు లేత్ మీద తీసే చేతులు అక్కడున్నాయి. పక్క గుడారం కుట్టించడం కూడా అక్కడ తేలికే, బతుకమ్మ చీరలు నేసిన ఊరు కుట్టుపనికి తడుముకోదు. గుడ్డ మాత్రం పూత ఉన్న టార్పాలిన్ కాన్వాసే కావాలి.

కరెంటు విషయంలో ఆశలు అదుపులో ఉంచుకోవాలి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 450 వాట్ అవర్లు, 30 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 600, లైట్లు, ఫోన్లు 150. మొత్తం 1,200. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో 1,280 ఉంటుంది. 330 వాట్ల సోలార్ పలక ఎండ ఉన్న రోజు ఇంచుమించు అంతే తిరిగి నింపుతుంది. లెక్క సరిపోయింది. ఏసీ పెట్టాలంటే మాత్రం ఒక టన్నుది గంటకు ఒక యూనిట్ దాకా తింటుంది, బ్యాటరీ గంటలో ఖాళీ. మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాల ఎండలో రేకుల పెట్టెలో పడుకోవాలనుకోవడమే పొరపాటు. దసరా నుంచి శివరాత్రి దాకా ఈ బండి కాలం. కప్పుకు తెల్లరంగు, ఎదురెదురు కిటికీలు, పైన వేడిగాలి పోయే ఒక వెంటు ఉంటే ఆ నెలల్లో ఫ్యాన్లే ఎక్కువ.

గ్యాస్ దగ్గర ఏ సర్దుబాటూ వద్దు. వంటగ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోకుండా నేలన పేరుకుంటుంది, కింద పడుకున్నవాళ్ల ముక్కు దగ్గరే. సిలిండర్ గూడు పెట్టె లోపలికి తెరుచుకోకుండా బయటివైపు తలుపుతో, అడుగున గాలి రంధ్రంతో ఉండాలి. పొయ్యిని వెనక పలక మీద పెట్టి బయట నిలబడి వండుకోవాలి. వాన పడినా, చలి ఉన్నా మూసిన పెట్టెలో కుంపటి పెట్టొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బాటల విషయానికి వస్తే, మన నేలలు రెండు రకాల పరీక్ష పెడతాయి. ధర్మపురి దగ్గర గోదావరి ఇసుకలో టైర్ల గాలి 35 నుంచి 20 పీఎస్‌ఐ దాకా దించితే టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు నింపుకోవడానికి 12 వోల్టుల గాలిపంపు వెంట ఉండాలి. నల్లరేగడి అలా కాదు. వాన పడ్డాక అది టైరు గాళ్లలో నిండి నున్నగా చేసేస్తుంది, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా నాలుగు చక్రాలూ ఒకేచోట తిరుగుతాయి. వాన వెలిసి బాట ఆరేదాకా ఆగడమే దారి. పెట్టె వెనక మరీ చాపితే గట్టు దిగేటప్పుడు తోక నేలకు తగులుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరంలో 60 శాతానికి మించి వెనక ఇరుసు నుంచి వెనక్కి చాపకూడదన్నది నిబంధన కూడా. ఇక గోదావరి దాటితే జన్నారం, కవ్వాల్ అడవి. 2012 నుంచి అది పులుల అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల ప్రవేశించడం, రాత్రి బస చేయడం, మంట పెట్టడం నేరం. అటవీశాఖ అనుమతించిన చోటే బండి ఆపాలి.

పని పూర్తయ్యాక మొదటి ప్రయాణం ధర్మకాంటకే. ట్యాంకు నిండా డీజిల్, నీళ్లు, సిలిండర్, బియ్యం, పరుపులు, ఇంట్లోవాళ్లందరూ కూర్చున్నాకే కాంట ఎక్కించండి. చల్‌గల్ మామిడి మార్కెట్‌కు పండ్లు, మిల్లులకు వడ్లు వచ్చే ప్రాంతంలో ధర్మకాంట దూరం ఉండదు. మొత్తం ఒకసారి తూచాక, ముందు చక్రాలు మాత్రమే కాంట మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి తూపించండి. మొత్తం పరిమితిలోనే ఉన్నా వెనక ఇరుసు మీద దాని పరిమితి దాటే అవకాశం ఉంది. అలా అయితే నీళ్ల ట్యాంకును క్యాబిన్ వైపు జరపాలి, వెనక పలక మీది సామాను తీసేయాలి. మూడు చీటీలూ ఆర్సీతో పాటు బండిలోనే ఉంచుకోండి. కొత్త వస్తువు ఏది చేర్చినా ఆ చీటీలు తీసి చూశాకే చేర్చండి.